ముక్కు సారు ఇల్లు మారిండు

అమీన్‌పూర్,
శనివారం పొద్దున.

బిడ్డా జెస్సికా,

ప్రభువు నీకు తోడుండాలె. ఈడ మేమిద్దరం మంచిగున్నమని రాయాలె గద, రాస్తున్న. పానాలు మంచిగనే ఉన్నయి. మాటలే లేవు. మీ నాయిన నాతోటి మాట్లాడక ఇయ్యాల్టికి పదకొండు రోజులు. చర్చిల పక్కపక్కనే కూసుంటం, ఒక్క పాటల పుస్తకమే పట్టుకుంటం. ఇంటికొచ్చినంక ఆయన ఆ అర్రల, నేను ఈ అర్రల.

ఫోన్ల చెప్పొచ్చు గద అంటవేమో. మీ హాస్టలోళ్ళు ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తరు, ఆ పది నిమిషాలు మీ నాయిన నా భుజం మీదనే ఉంటడు. నీతోటి మాత్రం నవ్వుకుంట మాట్లాడుతడు, అది సూస్తె నాకు ఇంకింత మండుతది. అందుకే నువ్వు మొదలువెట్టిన ఈ ఉత్తరాల పద్ధతే మంచిగుంది.

నువ్వడిగినయి ముందుగాల చెప్త. నీ పుస్తకాల డబ్బా వచ్చింది, ఒక్క పుస్తకం గూడ తడువలే. నా కుట్టుమిషన్ కాలు మాత్రం ఇరిగింది. అది ముందుగాలనే ఇరిగుండె అంటడు ఆ లారీ ఆయన! పొద్దున దాని మీద జాకెట్ కుట్టిచ్చి మధ్యాహ్నం ఎక్కిచ్చిన మిషన్ ముందుగాలనే ఎట్ల ఇరుగుతది అని అడిగితె, హిందీల ఏదో గులుగుకుంట పోయిండు. ఇల్లు మూడో అంతస్తు. వంటింట్ల కెల్లి చెరువు కనవడతది, నీళ్ళకు కరువు లేదు. పొద్దుగూకంగ గడ్డపోతారం దిక్కు కెల్లి గాలి మళ్ళితె కంపెనీల కంపుకు బిల్డింగు మొత్తం టపటప కిటికీలు మూసుకుంటరు. మన ఇంట్ల ఒక్క మనిషి ఆ కిటికీ కాడనే కుర్సీ ఏసుకొని హాయిగ పేపర్ సదువుకుంటడు. ఎందుకో చెప్త, ఆగు.

డాడీ కొత్త డ్యూటీ ఎట్లుంది అని అడిగినవ్. డ్యూటీ లేదు బిడ్డా. రెండే రోజులు చేసిండు, అది గూడ పోయింది. పోయింది నా వల్లనే. పరేషాన్ గాకు, తొవ్వల సంగతి చెప్తెగాని నీకు ఇది సమజ్ గాదు.

ఆ హిమాచల్ బద్దిల పదమూడేండ్లు ఉన్నం. ఒక్కసారిగ ఈయనకు మన ఊరు యాదికొచ్చింది. "మన దిక్కు పోదం సుకుమారీ, మన మాట, మన చర్చి, చుట్టాలు దగ్గర" అన్నడు. నేను నమ్మిన. నా కుట్టు గిరాకీలను, బుధవారం మా ఆడోళ్ళ ప్రార్థనను, చండీగఢ్‌ల నిన్ను, అందరిని ఇడిసిపెట్టి ఆ పాత కారెక్కిన. నాలుగు రోజుల తొవ్వ. ఎంత ఖుషీగున్నడో ఏం చెప్పాలె! ఆగ్రాల పేఠా కొన్నడు, ఝాన్సీ కాడ వానల తడిసిండు, ఏ దాబా కాడ ఆగినా "అబ్బ, ఏం కమ్మటి వాసన" అనుకుంట లోపలికి పోయిండు.

మూడో రోజు సివనీ దాటినంక వాన ఆగింది. ఒక దాబా కాడ ఆపినం. నేను మొకం కడుక్కొస్తనని పోయిన. అప్పుడే మీ నాయినకు నా మీద ప్రేమ పుట్టింది. దాబా చాయ్ నాకు పడదని తనే పెడదామనుకున్నడు. మన చిన్న సిలిండర్ యాదికుంది గద, మీదనే పొయ్యి ఉంటది. లారీల గ్యాసు ఎక్కియ్యొద్దని లారీవాళ్ళంటె, నేను వద్దు వద్దంటున్నా కారుల దుప్పట్ల నడుమ పెట్టుకొచ్చిండు. కుదుపులకు దాని నాబ్ వదులైందో ఏమో, నేను వాపస్ వస్తుంటె పది అడుగుల దూరం కెల్లే గుప్పున గ్యాసు! ఈయన ఎనక డోరు లేపి, కారుల తలకాయ పెట్టి, అగ్గిపుల్ల గీస్తుండు. వానకు మెత్తబడ్డ అగ్గిపెట్టె. రెండు పుల్లలు అంటలే. మూడోది తీస్తుండు.

ఎట్ల ఉరికిన్నో నాకు తెల్వదు. చేతి మీద ఒక్కటి కొడితె అగ్గిపెట్టె పోయి బురదల పడ్డది. "ఏమయ్యా, సంపుతవా నన్ను!" అని ఒర్రిన. "ఏమైంది సుకుమారీ?" అంటడు. ఏమైందంట! దాబా ఆయన తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకొని ఉరికొచ్చి నాబ్ కట్టేసిండు. దారినపోయే లారీలోళ్ళకు సుత వాసనొచ్చి చేతులూపుతుండ్రు. మన సారుకు రాలే. "జలుబు చేసింది" అన్నడు. ఏం జలుబు? తుమ్మిండా, చీదిండా?

కారుల కూసుండవెట్టి కండ్లు మూసుకోమన్న. వంటసామాను సంచిల కెల్లి ఇంగువ డబ్బా తీసి ముక్కు కింద పెట్టిన. "ఏందిది, చెప్పు" అన్న. జెరసేపు గట్టిగ పీల్చిండు.

"యాలకులు" అన్నడు.

ఇంగువ, జెస్సీ! మనం పప్పుల తాలింపు పెడితె తలుపులేసుకున్నా పక్కింటామెకు తెలిసేది గద, ఆ ఇంగువ.

నాలుగేండ్లయిందంట వాసన పోయి. కంపెనీల అందరు "నాక్‌వాలే సాబ్, నాక్‌వాలే సాబ్" అంటె మురుస్తుండె గద, ముక్కు సారని. డ్రమ్ము మూత తీసి ఒక్కసారి వాసన సూసి లోపల ఏ సాల్వెంట్ ఉందో చెప్పేటోడు. ముప్పై ఏండ్లు గట్ల డ్రమ్ముల మీద ముక్కు పెట్టి పెట్టి ఆ ముక్కే పోయింది. ముక్కు సారుకు ముక్కు పోయిందని చెప్పుకోవడానికి నామోషీ. మరి నేను బోటి కూర వండినప్పుడల్లా మూత తీసి "అబ్బ, ఏం వాసన సుకుమారీ" అన్నవు గదయ్యా, అదేంది అని అడిగిన. "కుక్కర్ కూతలు లెక్కవెట్టుకొని, నీ మొకం సూసి చెప్తుంటి" అన్నడు. నా మొకం సూసి! నాలుగేండ్లు నా వంటను గాదు, నా మొకాన్ని మెచ్చుకున్నడన్నట్టు. కోపమొస్తదా రాదా నువ్వే చెప్పు.

నాగ్‌పూర్ వచ్చేదాక నేను నోరు మూయలే. నాగ్‌పూర్ దాటినంక ఆయన నోరు తెరిసిండు. అప్పుడు తెలిసింది బిడ్డా, మనం బద్ది ఎందుకు ఇడిసినమో.

రాంసూరత్ అంకుల్ యాదికున్నడు గద, ఏటా ఛఠ్ పండుగకు మనకు ఠేకువా తీపి బిళ్ళలు తెచ్చిచ్చే ఆపరేటరు. మార్చిల ట్యాంకు కడుగుతానికి దిగి, లోపలి ఆవిరికి తలతిరిగి పడి నడుము ఇరగ్గొట్టుకున్నడు. పర్మిట్ లేకుండ తనకు తానే దిగిండని కంపెనీ ఎంక్వైరీల రాసి పని కెల్లి తీసేసిండ్రు. "అయ్యో, గంత తొందరెందుకు ఆయనకు" అని మనం గూడ అనుకున్నం. తొందర ఆయనది కాదు. ఆవిరి ఉందో లేదో సూసే మీటరు ఖరాబై నెల దాటిందంట, బాగుజేపిచ్చిన దిక్కు లేదు. మీ నాయిన మూత కాడ వంగి, ముక్కు పెట్టి, "ఏం లేదు, దిగు" అన్నడు. నాక్‌వాలే సాబ్ చెప్పిండు గద, ఆ మనిషి దిగిండు.

"మరి ఎంక్వైరీల ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగిన.

"నన్నెవ్వరు అడగలే" అన్నడు.

అడగకపోతె చెప్పొద్దా? ఒక మనిషి నడుము ఇరిగి మంచంల పడి, తప్పు గూడ తన నెత్తిమీదనే ఏసుకొని ఉంటె, ఈయనను ఎవ్వరూ అడగలేదంట! ఆదిలాబాద్ దాక నేను కిటికీ దిక్కు తిరిగి కూసున్న. మన దిక్కు, మన మాట, మన చర్చి అని నన్ను తోలుకొచ్చింది దీనికా?

ఇగ ఈడికొచ్చినంక సూడు. కొత్త కంపెనీల గూడ షిఫ్ట్ ఇంచార్జి ఉద్యోగమే, సాల్వెంట్ల ప్లాంటే. మళ్ళ అవే ట్యాంకులు, అదే మూత కాడ నిలవడుడు. "నువ్వే పోయి చెప్పు, స్టోర్సులనో కాయితాల పనో అడుగు, ఏదిస్తె అది చెయ్యి. ప్లాంటుల మాత్రం నిలవడకు" అన్న. "చెప్త" అన్నడు. ఆదివారం ఇంటి ప్రార్థనకు పాస్టరయ్య, చర్చి వాళ్ళు వచ్చిండ్రు. "ఈ కుమారుని చేతి పనిని దీవించు తండ్రీ" అని పాస్టరయ్య ప్రార్థన చేస్తె అందరు ఆమేన్ అన్నరు. నా నోటి కెల్లి రాలే. అందరికి బగార అన్నం వడ్డిచ్చిన, పెదవుల మీద నవ్వు పెట్టుకొని తిరిగిన.

సోమవారం సాయంత్రం కొత్త హెల్మెట్ చేతిల పట్టుకొని ఇంటికొచ్చిండు. చెప్పినవా అంటె "మొదటి రోజే ఎట్ల చెప్త?" అన్నడు. ఇయ్యాల ఏం పని చేసినవ్ అంటె చెప్పుల దిక్కు సూసుకుంట "రెండు ట్యాంకులకు మనుషులను దింపిచ్చిన" అన్నడు. వాళ్ళు ఎక్కినరా పైకి అని అడిగిన. ఎక్కినరంట.

మంగళవారం ఆయన పోయినంక, రెండు ఆటోలు మారి నేనే కంపెనీ గేటు కాడికి పోయిన. సేఫ్టీ సారును కలవాలన్న. నరసరాజు అని ఒకాయన, మంచోడే, సెక్యూరిటీ రూంలకు వచ్చిండు. నేను మొదలువెట్టంగనే "ఇంట్ల లొల్లి ఇంట్లనే చూసుకోండి అమ్మా" అన్నడు. "ఇంట్ల లొల్లి కాదు సార్. మీ ట్యాంకుల మనిషిని దింపే ముందు మూత కాడ నిలవడేది నా మొగడే. ఆయనకు గ్యాసుకు, గంధానికి ఫరక్ తెల్వదు" అన్న. "ఆయన ఉద్యోగం పోతదమ్మా, తెలిసే చెప్తున్నరా?" అన్నడు. తెలుసు సార్ అన్న. చాయ్ తెప్పిస్తనంటె వద్దని వచ్చేసిన.

మర్నాడు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ముప్పై ఏండ్లు గసొంటోళ్ళ డ్రమ్ముల కాడ ముక్కు పోగొట్టుకున్న మనిషి గద, ఎట్లున్నవయ్యా అని ఒక్క మాట అడుగుతరేమో అనుకున్న. హెల్మెట్, బూట్లు వాపస్ ఇయ్యాలంట! అంతే. మీ నాయిన అయి సంచిల పెట్టుకుంట, "నా నోటికాడి బువ్వ నువ్వే తీసినవ్" అన్నడు. అదే ఆఖరి మాట.

ఇంత దాక సదివి, అమ్మ ఎంత ధైర్యం చేసింది అనుకుంటవేమో. అనుకోకు జెస్సీ. పైన నేను రాసిన దాంట్ల ఒకటి అబద్ధం ఉన్నది. సివనీ కాడనే నాకు తెలిసినట్టు రాసిన. కాదు. నాకు రెండేండ్ల సంది తెలుసు.

ఆ ఏడు చలికాలం, ఒకరోజు పాలు పొంగి మంట ఆరిపోయింది. నేను బజారు కెల్లి వచ్చి తలుపు తీస్తె ఇల్లంత గ్యాసు. మీ నాయిన వంటింటి గడప కాడ కుర్సీల కూసోని పేపర్ సదువుతుండు. నిద్రపోతలేడు, పేజీ తిప్పుతుండు. కిటికీలు తెరిసి, "సోయి లేదా" అని తిట్టి ఊకున్న. ఆ రోజే సమజైంది నాకు. అడిగితె నౌకరీ పోతది, నువ్వు పన్నెండో తరగతి, నీ నర్సింగ్ సదువు ముందటున్నది. నోరు మూసుకున్న. మార్చిల రాంసూరత్ పడ్డడని ఇంటికొచ్చి చెప్పినప్పుడు, "నువ్వు వాసన సూసినవా?" అనే ఒక్క మాట నా నాలిక మీదికి వచ్చింది. మింగిన. దవఖానకు పండ్లు పట్టుకొని పోయి, ఆయన భార్య చెయ్యి పట్టుకొని ప్రార్థన గూడ చేసొచ్చిన. తలుసుకుంటె నా మీద నాకే అసయ్యమైతది. మీ నాయినేమో నన్నెవరు అడగలే అంటె గంత ఎగిరిన. నేను అడగాల్సినదాన్ని, అడగలే.

ఇది రాస్తుండంగనే మీ నాయిన అర్రల కెల్లి వచ్చి టేబుల్ మీద ఒక కాయితం పెట్టిండు. "జెస్సీకి పంపే దాంట్ల ఇది గూడ పెట్టు. రాంసూరత్‌కు ఇయ్యమను" అన్నడు. హిందీల రాసుంది. నాకు హిందీ మాట్లాడొస్తది గని సదవరాదు గద, సదివి చెప్పమన్న. నిలవడే సదివిండు. రాంసూరత్ తనకు తాను దిగలేదు, మీటరు పనిచేస్తలేదు, నేను దిగమంటెనే దిగిండు, నాకు వాసన రాదు, ఈ కాయితం ఎక్కడ సూపెట్టుకున్నా సరే. కింద పూర తన పేరు, పాత కంపెనీల తన ఐడీ నంబరు, సంతకం. ఆర్నెల్ల కింద రాయాల్సిన కాయితం! ఆ మాట మొకం మీదనే అన్న.

తర్వాత, "దాని కింద ఇంకో లైను రాయి" అన్న. ఏం రాయాలె అన్నడు. "ఈయనకు వాసన రాదని నాకు రెండేండ్ల సంది తెలుసు, తెలిసి ఊకున్న, అని రాయి. కింద నా పేరు రాయి."

పెన్ను పట్టుకొని నా దిక్కు సూసిండు. రాయి అన్న. కూసోని రాసిండు. నేను తెలుగుల సంతకం పెట్టిన.

బిడ్డా, ఈ కాయితం జిరాక్స్ తీపిచ్చి పెట్టుకో. ఇది అందినంక వచ్చే ఆదివారం బయటికి ఇడుస్తరు గద, బద్ది బస్సెక్కి రాంసూరత్ ఇంటికి పో. ఆయనకు సదువు రాదు. వాళ్ళావిడను గూడ పక్కన కూసుండవెట్టుకొని, గట్టిగ సదివి వినిపియ్యి. మా అమ్మనాయినలు మంచోళ్ళే అని చెప్పకు. వాళ్ళు తిడితె తిట్టనియ్యి, అడ్డం మాట్లాడకు. మీ నాయిన పేరొక్కటి సదివి ఆగకు, నా పేరు గూడ సదువు.

ఇట్లు,
నీ నుంచి గూడ ఇంత దాక దాసిన
మీ అమ్మ,
సుకుమారి