నిప్పుని కప్పేశాను

జనవరి, శనివారం రాత్రి

మంచు తుఫానుకి నిన్న పోయిన కరెంట్ ఇంకా రాలేదు. రోడ్లు మూసేశారు, రవి హాస్పిటల్ డ్యూటీలోనే ఇరుక్కుపోయాడు. ఇంట్లో నేను, నాలుగేళ్ల మేఘన, బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చగా ఉంచే బొగ్గు పొయ్యి. దాన్ని రోజూ రవే చూసుకుంటాడు. నేనెప్పుడూ ముట్టుకోలేదు.

సాయంత్రం మంట తగ్గుతుంటే భయమేసింది. తెల్లారేదాకా ఉండాలని బకెట్టు బొగ్గంతా ఒకేసారి కుమ్మరించి, గాలి వెళ్ళే దారి మూసేశాను. కాసేపటికి విషవాయువు అలారం మోగింది.

"అమ్మా, తల నొప్పి," అంది మేఘన.

దాన్ని దుప్పట్లో చుట్టుకుని, చెప్పుల్లేకుండానే మంచులోకి పరిగెత్తి 911కి ఫోన్ చేశాను.

మంచు తోసే బండి వెనకే వచ్చిన ఫైర్ వాళ్ళు పాపని చూసి పర్వాలేదన్నారు. ఇల్లంతా గాలాడించి, పొయ్యి మళ్ళీ దగ్గరుండి వెలిగించారు.

"బొగ్గు కొంచెం కొంచెంగా వెయ్యండి. ఒక పక్క నిప్పు ఎర్రగా కనిపిస్తూనే ఉండాలి. పైన నీలి మంట ఆడాకే గాలి తగ్గించండి," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

ఫోన్‌లో రవి, "నేను నేర్పాల్సింది," అని ఏడ్చాడు. ఊరుకోమని అనలేకపోయాను.

పాప నిద్రపోయింది. నేను పడుకుంటే ఇద్దరం లేస్తామా? అలారం మోగట్లేదు. అంతా బాగుందనా, లేక అదే చెడిపోయిందా? ఉండబట్టలేక టెస్ట్ బటన్ నొక్కాను. అది చెవులు పగిలేలా అరిచింది. మేఘన ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది.

ఎంత గట్టిగా ఏడుస్తోందో వింటూ, కాసేపు ఊరుకోబెట్టలేదు.