కదిలితే ఓడిపోతాం

ఆదివారం, రాత్రి

మా బేస్‌బాల్ టీమ్ ఈరోజూ ఓడింది. చివరి ఇన్నింగ్స్ దాకా పైచేయి మావాళ్ళదే. అందుకే హైదరాబాద్‌లో క్రికెట్‌కి పెట్టుకున్న రూలే ఇక్కడ అమెరికాలోనూ పెట్టాను: టీవీ ముందు ఎక్కడివాళ్ళు అక్కడే, ఎవరూ కదలకూడదు. పప్పు మాడు వాసన వచ్చినా మా ఆవిడ లలిత సోఫా దిగలేదు. నేనే వెళ్ళి స్టవ్ ఆపాను. తిరిగొచ్చేసరికి మా ఫీల్డర్ చేతిలో పడ్డ బంతిని జారవిడిచాడు.

"డాడీ, వేరే టీమ్‌కి స్విచ్ అయిపోదాం. స్కూల్‌లో అందరూ నవ్వుతున్నారు," అంది మా అమ్మాయి.

"గెలిచేవాళ్ళకి మనతో పనేముందే? చచ్చినా ఈ దరిద్రులతోనే!" అన్నాను.

లలిత మాడిన గిన్నెని గరగరా తోముతుంటే భయమేసింది. రేపటి ఆట చూడనిస్తుందా...

పడుకోబోతూ అంది: "రేపు వంట ముందే చేసేస్తాను. మీరు కదిలారంటే ఊరుకోను. ఇవాళ ఓడించింది మీరే!"