మొదటి పేజీలో చివరి పేరు

ఆగస్టు 4, సోమవారం

మా స్వచ్ఛంద సంస్థ పెట్టి పాతికేళ్ళయిందట. చరిత్ర పుస్తకం వేస్తారట. రాసేది స్వాతి. చేరి రెండేళ్ళు కూడా కాలేదు, పాతికేళ్ళ సంగతులు రాస్తుంది... ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా.

ఆగస్టు 5, మంగళవారం

స్వాతి మొదటి పేజీ తెచ్చి చూపించింది. "సంఘాలు పెట్టడం మన పని కాదు. ఊరివాళ్ళు పెట్టుకున్న సంఘం వెనక నిలబడటం మన పని." బాగుంది. బాగుండకేం, ఆ మాట నాది. తునికాకు కోసేవాళ్ళ సంఘంలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. దాని కింద ఏం రాసిందంటే — "అని భాస్కరరావు గారు తరచూ అంటుంటారు."

అంటుంటారు. నా దగ్గర విని.

ఆగస్టు 7, గురువారం

పొద్దుటి నుంచీ వాన. పర్ణశాల రోడ్డు మీద నీళ్ళు. ఎవరం ఫీల్డుకు పోలేదు.

స్వాతి ఊళ్ళ నుంచి తెప్పించిన పాత తీర్మానాల పుస్తకాలు బల్ల నిండా పరిచింది. ఒక్కొక్కటి తిప్పి, ఏ మీటింగుకు మన స్టాఫ్ ఎవరు వెళ్ళారో పేర్లు ఎక్కించుకుంటోంది. ఎవరు ఎప్పటి నుంచి పనిచేశారో అలా తేలుస్తుందట. తెలివైన పిల్ల.

"అక్కా, మీరు ఏ సంవత్సరం చేరిన్రు? పాత పుస్తకాలల్ల మీ పేరు యాడా కనబడ్తలేదు."

కనబడదు. ఇప్పపువ్వు సంఘం, కుట్టుమిషన్ల సంఘం, యువజన సంఘం — ఏది తెరిచినా నా గుండ్రటి చేతిరాతే. పేరు మాత్రం ఉండదు. సంస్థ పెట్టిన పెద్దసారు, బతికి ఉండగా, నేను చేరిన రోజే చెప్పారు: "అది వాళ్ళ పుస్తకం. అందుల మన పేరు ఉండొద్దు." నేను విన్నాను. నాతోపాటే చేరిన భాస్కరరావు వినలేదు. వెళ్ళిన ప్రతి ఊళ్ళో పేజీ అడుగున ఆకుపచ్చ ఇంకుతో సంతకం, దాని కింద రెండు గీతలు. ఆ సంతకాలే ఇప్పుడు చరిత్ర అయి కూర్చున్నాయి.

స్వాతికి చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. నాతో చెప్పించుకోకుండా తనే తెలుసుకోవాలి కదా అని నా పంతం. "తర్వాతెప్పుడో చేరానులే, అలాగే రాసుకో" అన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

రాసుకుంది! నిజంగానే రాసుకుంది. స్టాఫ్ జాబితాలో నాది తొమ్మిదో పేరు, డ్రైవర్ తర్వాత. భాస్కరరావుది పెద్దసారు పక్కనే. ఫొటోతో సహా.

అసూయ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇంకేమనాలి మరి... అసూయే. మధ్యాహ్నం ఆయన క్యారియర్ విప్పి గోంగూర పచ్చడి అందరికీ వడ్డిస్తుంటే పచ్చడి మీద కూడా ఒళ్ళు మండింది. తిన్నాను. బాగుంది. దానికి ఇంకాస్త మండింది.

ఆగస్టు 11, సోమవారం

ముత్తమ్మ ఊరు. మనం వెనక నిలబడ్డ మొట్టమొదటి సంఘం ఆమెదే, ఇప్పటికీ ఆమే అధ్యక్షురాలు. వాళ్ళ పుస్తకం స్వాతికి కావాలి. తెచ్చే పని నాకు. ముత్తమ్మ రేకు పెట్టెలోంచి తువ్వాలలో చుట్టిన పుస్తకం తీసి రెండు చేతులతో ఇచ్చింది. "పైలం అక్కా. తడవనియ్యకు."

తిరుగు బస్సులోనే విప్పాను. మొదటి పేజీ, మొదటి సభ. ఆ రోజు వెళ్ళింది పెద్దసారు, నేను. అంతే. భాస్కరరావు లేడు. ఆకుపచ్చ ఇంకు లేని పేజీ! పదిహేడు వేలిముద్రలు. ఒక్కోదాని పక్కన నేను రాసిన పేరు. చివరన కారం గంగమ్మ. ఆ కింద ఒక గీత ఖాళీ.

ఆగస్టు 12, మంగళవారం

రాశాను.

"దస్తూరి: విజయలక్ష్మి." ఎవరి చేత్తో రాశారో చివర వేయడం ఏ పత్రంలోనైనా మామూలే కదా. అబద్ధం కాదు. నా చెయ్యే, నా రాతే. పాతికేళ్ళు ఆలస్యం, అంతే... చిత్తు కాగితం మీద మూడు పెన్నులు మార్చి చూశాను, పాత నీలం రంగుకు దగ్గరయ్యేదాకా. అబద్ధం కాకపోతే మూడు పెన్నులెందుకే?

ఆగస్టు 13, బుధవారం

స్వాతి కేక పెట్టింది. "అక్కా! మీరు ఫస్ట్ మీటింగ్‌లనే ఉన్నరు! భాస్కర్ సారు కంటె ముందే! చెప్పరేంది మరి?" ఆ పేజీ ఫొటో తీసి పుస్తకంలో పెద్దగా వేస్తుందట.

భాస్కరరావు లేచి వచ్చి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. నా వంక చూడలేదు. "అవ్. ఆ దినం నేను పోలే. ఆమెనే ఉండె. ముందు ఆమె పేరే వెయ్యి స్వాతీ" అన్నాడు.

ఎంత పెద్ద మనసు! ఇవ్వడంలో కూడా ఆయనే ముందుండాలి. నాది నాకు వచ్చినా ఆయన చేతి మీదుగా వచ్చినట్టయింది.

ఆగస్టు 14, గురువారం

హాయిగా ఉంది. ఆ పేజీ మూడుసార్లు తీసి చూసుకున్నాను. నాలుగు.

ఆగస్టు 18, సోమవారం

స్వాతి, నేను ముత్తమ్మ ఊరు వెళ్ళాం. ఫొటో వేసుకోవడానికి సంఘం ఒప్పుకోవాలి. పందిరి కింద పదిమంది ఆడవాళ్ళు. స్వాతి ఆ పేజీ చదువుతోంది, ఒక్కో పేరుకూ ముత్తమ్మ తలాడిస్తోంది. గంగమ్మ దాకా వచ్చింది. తర్వాత — "దస్తూరి, విజయలక్ష్మి."

తల ఆగింది.

"ఈ కాయితంల ఆ పేరు ఎన్నడు వినలే బిడ్డా."

స్వాతి మళ్ళీ చదివింది, తనే తప్పు చదివిందేమోనని. "ఉందమ్మా, ఇగో, రాసుంది."

"ఏటేటా పెద్ద మీటింగ్ నాడు ఈ కాయితం చదివించుకుంటం. మాకు సదువు రాదు గని ఇది నోటికొస్తది. గంగమ్మతోటి అయిపోతది. కావాల్నంటె భాస్కర్ సారును అడుగు. ఏటా చదివేది ఆయననే."

ఏటా. ఆయనే. నేను ఆ వార్షిక సభలకు పోవడం మానేసి ఎన్నేళ్ళో... ఆయన వస్తాడనే మానేశాను. అంటే బుధవారం కళ్ళద్దాలు తుడుచుకున్నప్పుడే ఆయనకు తెలుసు. తెలిసే ముందు నా పేరు వెయ్యమన్నాడు.

ముత్తమ్మ నన్నే చూస్తోంది. కోపం లేదు, ఆ ముఖంలో.

"నువ్వు ఉంటివి అక్కా. వాన కొడుతుండె. పుస్తకం మీద కొంగు కప్పి రాస్తివి. నాకు యాదుంది. గని చదివి వినిపించంది పుస్తకంల ఉండొద్దు అని మాకు నేర్పింది నువ్వే గదా. విన్నంకనే వేలు పెట్టాలె అంటివి."

అన్నాను. ఊరూరా అన్నాను. అక్కడ కూర్చుని అవునని తలూపడం తప్ప ఇంకేం చేయలేకపోయాను. ముత్తమ్మ పుస్తకం అడిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. స్వాతి పెన్నుకు మూత పెట్టింది.

ఆగస్టు 19, మంగళవారం

భాస్కరరావు టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 21, గురువారం

సాయంత్రం ముత్తమ్మ ఫోన్. రేపు సభ పెట్టారట. ఆ గీత మీద నా పేరు ఉంచాలా, కొట్టెయ్యాలా తేల్చుకుంటారు. ఏది తేలినా తీర్మానం రాయాలి.

"మాలో ఎవ్వలకు రాయొస్తది అక్కా? ఎప్పటిలెక్కనే నువ్వే రావాలె. రాసినంక చదివి వినిపించెతందుకు భాస్కర్ సారును పిలిచినం."

నేను చేసింది నేనే రాయాలి. ఆయన చదవాలి. నింపాదిగా చదువుతాడు, ఏ మాటా నొక్కి పలకడు, నన్ను కాపాడినట్టే చదువుతాడు. అది తల్చుకుంటే సిగ్గు కంటే ముందు మళ్ళీ అదే మంట. ఛీ, ఇక్కడ కూడానా... అవును, ఇక్కడ కూడా.

చిత్తుగా మొదలుపెట్టి చూశాను. "ఈ దినం జరిగిన సభలో, మన సంఘం పుస్తకం మొదటి పేజీ చివర విజయలక్ష్మి అను ఆమె..." అక్కడ ఆగింది. ఇది పూర్తయితే అందరూ వింటారు, విని వేలిముద్రలు వేస్తారు. అప్పుడు నా పేరు నిజంగానే వాళ్ళ పుస్తకంలో ఉంటుంది.

రానని చెప్పాలంటే ఇప్పుడే ఫోన్ చెయ్యాలి. ముత్తమ్మ ఏడింటికల్లా పడుకుంటుంది. ఆరూ నలభై అయింది.