షేరూ తింటున్నది

వదినా,

ఫోన్ ఎత్తుతలేవు, అందుకే రాస్తున్న.

అన్న పోయినంక బక్కచిక్కిన షేరూను నువ్వే నాకు అప్పజెప్పినవు. మొదట్ల పాపమని గిన్నెనిండ పెడితే కుక్క అంతా కక్కేసింది. డాక్టరమ్మ కడుపుల పురుగులు పోయే మందిచ్చి, "ఉప్పు లేకుండ చికెన్ ఉడికించి, అన్నంల కలిపి కొంచెం కొంచెం నాలుగుసార్లు పెట్టండి" అన్నది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి అల్వాల్‌ల ఇంటికి ఉరికొచ్చి పెట్టేదాన్ని. చానా అలిసిపోయిన వదినా. ఇప్పుడు దాని పక్కటెముకలు కనబడ్తలేవు.

నిన్న మీ పక్కింటి నాజ్నీన్ ఫోన్ చేసి, "మీ వదిన చాయ్ మీదనే ఉంటున్నది, మనిషి సగమైంది" అన్నది. నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఆదివారం షేరూను తీసుకొని మౌలాలికి వస్తున్న. కొన్నాళ్లు అక్కడే ఉంట. నువ్వేం వండకు, ఇల్లు సుత సర్దకు. తలుపు తీస్తే చాలు.

నీ ఆడబిడ్డ