అడగకుండా వేసిన ముగ్గు

క్రెయిగీబర్న్, ఆస్ట్రేలియా, ఆదివారం

అక్కా, మేం బాగానే ఉన్నాం, కంగారుపడకు. ఫోనులో అమ్మమ్మకు వినపడదు కాబట్టి కార్డు రాస్తున్నాను. గట్టిగా చదివి వినిపించు.

వృద్ధాశ్రమంలో డ్యూటీలతో ఒళ్లు హూనమవుతున్నా, శనివారాలు రెల్లుబుట్టలు అల్లడం నేర్చుకుంటున్నాను. నేర్పే మార్లీన్ ఆంటీ ఇక్కడి ఆదివాసి. వాళ్లలోనూ పెద్దవాళ్లను ఆంటీ అనే పిలుస్తారు. ఆవిడ గీసిన చుక్కల బొమ్మ అచ్చం మన ముగ్గులా ఉంటే, ఫోటో తీసుకొచ్చి మా గుమ్మం ముందు వేశాను. నిన్న రెల్లు ఇవ్వడానికి వచ్చిన ఆంటీ అది చూసి కారు దగ్గరే ఆగిపోయింది.

"ఈ కథ నీకెవరిచ్చారు?" అంది.

"కథేంటి ఆంటీ, ముగ్గే కదా! మా ఊళ్లో ఎవరి వాకిట్లో బాగుంటే అది చూసి వేసేసుకుంటాం."

"అది మా అమ్మమ్మ వాళ్ల నీటిగుంట కథ. నేను కూడా మా అక్కనడిగాకే గీశాను."

తిట్టినా బాగుండేది. అలసటకేమో, నాకు ఏడుపొచ్చింది. బకెట్టు నీళ్లతో కడిగేశాను.

"ఇప్పుడు మీది వెయ్యి," అంది ఆంటీ. అమ్మమ్మ వేసే మెలికల ముగ్గు మొదలుపెట్టాను. "దీని కథేంటి?" అని అడిగేసరికి సగంలోనే ఆపి ముగ్గుపిండి పక్కన పెట్టేశాను.

పచ్చళ్లు పంపకు, ఇక్కడ పోస్టులో పట్టుకుని పారేస్తున్నారు. అమ్మమ్మ కంట్లో చుక్కలు మరిచిపోకుండా వెయ్యి. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఆ ముగ్గు అమ్మమ్మకెవరు నేర్పారో, నేను వేసుకోవచ్చో లేదో అడిగి రాయి. అమ్మమ్మ సరేననేదాకా మా వాకిట్లో సగం ముగ్గే ఉంటుంది.

నీ చెల్లెలు
ఉదయశ్రీ