కుబుసం విడిచేదాక

అమ్మా, పెట్టెల ఉన్న రెండుతలల పాము కండ్లు మబ్బుగైనయి. రెండు మూడు రోజులల్ల కుబుసం విడుస్తది. అప్పటిదాక దానికి సరిగ కనబడది, బెదురుతది. ముట్టకు. నీళ్లగిన్నె మార్చేటప్పుడు పెట్టెను గుంజకు. ఎత్తక తప్పకపోతే రెండు చేతులు నిదానంగ దాని కిందికెల్లి పెట్టు. విషం లేదు గని భయపడితే కరుస్తది.

పాలు పోయకు, తాగది. పంచమి నాడు నువ్వు బొట్టు పెట్టింది దాని తోకకు. రెండు కొసలు ఒక్కతీరే ఉంటయి, నీ తప్పు కాదు. నేను నవ్విననని నాలుగు రోజులు మాట్లాడలే నువ్వు.

పొయ్యి పక్కన అన్నమున్నది, తిను.

మల్లేశం

కుబుసం విడిచినంక, ఖాజాగూడల అది దొరికిన బండ కిందనే వదులుతనని నీకు మాటిచ్చిన. హైటెక్ సిటీ రోడ్డు కోసం ఇయ్యాల పేల్చేది ఆ బండనే. మందుగుండు కూరేది నేనే.