సుత్తుల చప్పుడు ఆగినంత మాత్రాన మేము లేనట్టు కాదు

గనుల శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గని వెనుక పారబోసిన రాళ్ళ కుప్ప నెర్రె విచ్చుట, కింద మేముండగనే పైనుంచి లారీలు రాళ్ళు దించుట గురించి.

గని వారు పనికిరావని పారబోసిన రాళ్ళను సుత్తితో పగలగొట్టి, ఖనిజమున్న ముక్కలు ఏరి అమ్ముకుని బతుకుచున్న ఆడవారము తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. లారీ దించినప్పుడు పెద్ద రాళ్ళు దొర్లి అడుగునకు చేరును. ఖనిజం వాటిలోనే ఎక్కువ. కావున మేము వంతుల ప్రకారము అడుగున కూర్చుందుము. పైనున్న డ్రైవరుకు మేము కనపడము. సుత్తుల చప్పుడు వినపడినంతసేపు అతడు ఆగును. చప్పుడు ఆగితే మేము లేచి పోయామని దించును. ఇది మా అత్తల కాలం నుంచి ఉన్న ఏర్పాటు. కాగితం మీద లేదు గానీ ఒక్కనాడూ తప్పలేదు.

2. మొన్నటి వానకు కుప్ప నడుమ నెర్రె విచ్చినది. మొదట అందులో చెయ్యి పట్టేది, ఇప్పుడు మనిషి పట్టును. కుప్ప జారేముందు లోపల చిన్న రాళ్ళు జలజల రాలును. అది వినవలెనంటే సుత్తులు ఆపవలెను. ఆపితే పైవాడు దించును. కొడుతూ కూర్చుంటే కుప్ప మీద పడుతుంది, చెవి పెట్టి వింటే లారీ రాళ్ళు మీద పడతాయి. ఎట్లా చావమంటారో మీరే చెప్పండి!

3. పోయిన వారం అట్లే విందామని అందరమూ ఊపిరి బిగబట్టి కూర్చొనగా లారీ దించినది. మా చెల్లెలు నడుము దాకా కూరుకుపోయినది. చేతులతో తవ్వి తీసితిమి. డ్రైవరు పరుగున దిగి వచ్చి, "చప్పుడు లేదు కదమ్మా, పోయారనుకున్నా" అని నెత్తి కొట్టుకుని ఏడ్చినాడు. వాణ్ణి ఏమనగలము?

4. మా మునుపటి అర్జీకి తమ కార్యాలయము వారు, "సదరు స్థలమున స్త్రీలెవరూ పనిచేయుట లేనందున ప్రమాదమునకు ఆస్కారము లేదు" అని జవాబిచ్చినారు. అది చదువుకుని మేము కడుపుబ్బ నవ్వినాము. తర్వాత మళ్ళీ సుత్తులు అందుకున్నాము.

అయ్యా, కుప్ప మాత్రం మూయించవద్దు, మా పొట్ట కొట్టినట్టవుతుంది. నెర్రె ఉన్న వైపు లారీని రానివ్వకండి. పైన ఒక మనిషిని నిలబెట్టండి. కిందికి తొంగి చూసి, "లేవండమ్మా" అని ఒక కేక వేసి, మేము జరిగాక దించనిస్తే చాలు. తమరు స్వయముగా వచ్చి, కింద మేమున్నామో లేమో కళ్ళారా చూసి, మా ప్రాణములు నిలుపునట్లు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కుప్ప కింద అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి

తా.క. రేపు అడుగున కూర్చునే వంతు మా చెల్లెలిది. దానికి నడుము ఇంకా నిలవలేదు. "వద్దే తల్లీ" అంటే, "నేను పోకపోతే నువ్వు పోతావు. నాకు తెలీదా నీ సంగతి!" అని కసిరింది. చివరికి ఇద్దరమూ పోతున్నాము. ఇంట్లో మా పిల్లలు చిన్నవాళ్ళు. వీధిలోకి పోతారని రోజూ బయట గడియ పెట్టి పోతాము. రేపు పెట్టడం లేదు.